మోకాళ్ల నొప్పి కోసం కొన్న నాలుగు జతల పాదరక్షలు: ఏడాది వాడాక నా అంచనా

నాకు 62 ఏళ్లు. హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, రోజుకు ఐదారు పీరియడ్లు నల్లబల్ల ముందు నిలబడి పదవీ విరమణ చేశాను. రెండేళ్ల కిందట నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో నా కుడి మోకాలి లోపలి వైపు సందు బాగా తగ్గిపోయిందనీ, ఎడమ మోకాలు కూడా అదే దారిలో ఉందనీ తేలింది. మన ఇళ్లలో దీన్ని గుజ్జు అరిగిపోయింది అంటాం. నిజానికి అరిగేది ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి. ఎముకల డాక్టరు గారు తొడ కండరాలకు వ్యాయామం నేర్పించి, బరువు తగ్గమని చెప్పి, నేను లేచి వస్తుండగా “చెప్పులు కూడా మంచివి వేసుకోండమ్మా” అన్నారు. మంచివంటే ఏవి అని అడుగుదామంటే అప్పటికే తలుపు దగ్గర తరువాతి రోగి నిలబడి ఉన్నారు. ఆ ఒక్క మాట వెంట పడి ఏడాది కాలంలో నాలుగు రకాల పాదరక్షలు కొని, ఒక్కొక్కటి కనీసం రెండు నెలలు వాడాలని నియమం పెట్టుకుని, ఏ రోజు ఎంత నడిచానో, మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎలా ఉందో పాత హాజరు పట్టీలో రాసుకుంటూ వచ్చాను. కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. మోకాలికి కావలసింది పేరు కాదు, మడమ కింద ఎత్తు, అడుగు అట్ట బిగువు, పాదాన్ని పట్టుకునే తీరు. అవి చూసి కొంటే ఏ దుకాణంలో కొన్నా ఒకటే.

చెప్పుకూ మోకాలికీ ఉన్న సంబంధం మొదట నాకు అర్థం కాలేదు. పాదం నేలకు ఆనినప్పుడు నేల కూడా పాదాన్ని పైకి తోస్తుంది. ఆ తోపు సూటిగా మోకాలి నడిమధ్యకు రాదు. కాస్త లోపలి పక్కగా, అంటే రెండు కాళ్ల మధ్య సందు వైపుగా పైకి పోతుంది. దానివల్ల అడుగు వేసిన ప్రతిసారీ మోకాలు బయటికి వంగబోతుంది, లోపలి వైపు ఎముకలు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటాయి. నడకలో మోకాలి మీద పడే భారం శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది, అందులో ఎక్కువ వాటాను లోపలి భాగమే మోస్తుంది. నాలాగా కాళ్లు కొంచెం దొడ్డివి అయినవాళ్లకు ఆ వాటా ఇంకా పెరుగుతుంది. మన దగ్గర మోకాలి అరుగుదల ఎక్కువగా లోపలి వైపే కనబడటానికి ఇదొక కారణం. పరిశోధకులు నడక ప్రయోగశాలలో ఈ మెలితిప్పే బలాన్నే కొలిచి, ఏ పాదరక్షతో అది ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని చెబుతారు. మడమ ఎత్తు మారినా, అట్ట వంగే తీరు మారినా ఆ బలం మారుతుందని తెలిశాక చెప్పుల దుకాణంలో నేను చూసే చూపే మారిపోయింది.

మొదట కొన్నవి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ‘ఆర్థో’ చెప్పులు. బొమ్మలో ఎర్రటి మోకాలు, దాని మీద పచ్చటి టిక్కు గుర్తు, కింద మోకాళ్ల నొప్పులకు ప్రత్యేకం అన్న మాట చూసి నమ్మాను. పెట్టె విప్పి కాలు పెట్టగానే దూది పరుపు మీద నిలబడినట్టు అనిపించింది, ఆ సుఖం చూసి మా పక్కింటి వదినకు కూడా ఒక జత చెప్పాను. పన్నెండో రోజుకు కుడి మోకాలు లోపలి వైపు సాయంత్రం పూట మంటగా ఉండటం మొదలైంది. మూడో వారంలో మేడ మెట్లు దిగుతుంటే మెత్తటి అట్ట ఒక పక్కకు ఒరిగి కాలు మడతపడబోయింది, గోడ పట్టుకుని ఆగాను. రెండు నెలల నియమం తప్పింది ఈ ఒక్క జత విషయంలోనే. తిప్పి పంపుతామంటే గడువు దాటిందన్నారు. నా బాధ డబ్బు గురించి కాదు. మోకాళ్ల జబ్బు ఉన్నవాళ్లకు అమ్మే వస్తువు మీద మోకాలి బొమ్మ వేసి, మడమ కింద ఎంత ఎత్తు ఉందో ఎక్కడా రాయకపోవడం తప్పు. నేను స్కేలు పెట్టి కొలిస్తే మడమ కింద నాలుగున్నర సెంటీమీటర్లు, వేళ్ల కింద రెండు సెంటీమీటర్లు ఉంది. చూడటానికి చదునుగా కనబడుతుంది కానీ అది ఎత్తు మడమ చెప్పే.

మడమ ఎత్తు సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 1998లో అమెరికాలో కేసీ కెరిగన్ అనే వైద్యురాలి బృందం ఆరోగ్యంగా ఉన్న ఇరవై మంది స్త్రీలను ఎత్తు మడమ బూట్లతోనూ, ఉత్త కాళ్లతోనూ నడిపించి చూస్తే, మోకాలి లోపలి భాగాన్ని నొక్కే బలం ఎత్తు మడమలతో సగటున 23 శాతం పెరిగినట్టు తేలింది. మడమ సన్నగా ఉంటేనే ప్రమాదం, వెడల్పుగా ఉంటే పరవాలేదు అనుకునేవాళ్ల కోసం అదే బృందం 2001లో వెడల్పు మడమలను కూడా పరీక్షించింది. వాటితోనూ భారం పెరిగింది. పెళ్లిళ్లకు చీర కుచ్చెళ్లు నేలకు తగలకుండా ఉండాలని వెడల్పు మడమ చెప్పులు వేసుకునే మా వయసు స్త్రీలు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే చాలా మేలు.

ఆ చెప్పులు పక్కన పెట్టి, తెగిన పాత జతను బాగు చేయించుకుందామని హనుమకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు చెప్పులూ తిరగేసి పక్కపక్కన పెట్టి, “టీచరమ్మా, మీకు ఎప్పుడూ బయటి అంచే అరుగుతది, కుడిది మరీ ఎక్కువ” అన్నారు. మడమ బయటి మూల కొంచెం అరగడం అందరికీ ఉండేదే, కానీ నా కుడి చెప్పు ఆ మూలలో వేలి గోరంత పల్చబడి, బల్ల మీద పెడితే బయటికి ఒరిగి నిలబడింది. అలా ఒరిగిన చెప్పుతో నడిస్తే మోకాలు ఇంకాస్త బయటికి వంగుతుంది కదా అని అప్పుడు తట్టింది. ఎక్స్‌రే గదిలో కన్నా ఆ గోనె పట్టా మీద నా నడక గురించి నాకు ఎక్కువ తెలిసింది. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం చెప్పులు తిరగేసి చూసుకుంటున్నాను.

రెండో జత ఆయన సలహా మీదే కొన్న ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు. ఈ సన్నటి గాలి గదుల రబ్బరును మన దేశంలో స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడకుండా కాపాడటానికి వాడారు, ఆ తరువాత షుగర్ రోగుల చెప్పులకూ అదే వచ్చింది. పాదం అడుగున పడే ఒత్తిడిని ఒకే చోట కాకుండా అంతటా పంచడం దాని పని, ఆ పని అది చక్కగా చేస్తుంది. నాకు తెల్లవారుజామున మడమలో ఉండే పోటు పది రోజుల్లో సగానికి తగ్గింది. మోకాలికి మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు, హానీ లేదు. దుకాణదారులు ఈ రెండింటినీ కలిపి ఎం.సి.ఆర్. వేసుకుంటే మోకాలి నొప్పి పోతుందని చెబుతుంటారు, అది పొరపాటు. పాదానికి మెత్తగా ఉండటం వేరు, మోకాలి మీద భారం తగ్గడం వేరు. కొనదలిస్తే మడమ వెనక పట్టీ ఉన్నవే కొనండి. పట్టీ లేనివి జారిపోకుండా వేళ్లతో బిగబట్టుకుని నడవాల్సి వస్తుంది, వానాకాలంలో నున్నటి బండల మీద అది మరీ ప్రమాదం.

మూడో జత పల్చటి, చదునైన గుడ్డ బూట్లు. చేతిలో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెడితే మెలిపడతాయి, మడమకూ ముందు భాగానికీ ఎత్తులో తేడా దాదాపు లేదు. వీటిని కొనడానికి కారణం చికాగోలోని రష్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో నజియా షకూర్, జోయెల్ బ్లాక్ బృందం చేసిన పని గురించి చదవడం. వాళ్లు 2006లో మోకాలి అరుగుదల ఉన్న 75 మందిని వాళ్ల మామూలు బూట్లతోనూ ఉత్త కాళ్లతోనూ నడిపిస్తే, ఉత్త కాళ్లతో నడిచినప్పుడు మోకాలిని మెలితిప్పే బలం దాదాపు 12 శాతం తగ్గింది. 2010లో 31 మందితో చేసిన మరో పరిశీలనలో క్లాగ్‌లు అనే మందపాటి అట్ట బూట్లు, గట్టి ఆధారం ఉన్న బూట్లు, చదునైన నడక బూట్లు, హవాయి చెప్పులు, ఉత్త కాళ్లు అన్నీ పోల్చి చూశారు. మొదటి రెండింటితో మోకాలి మీద భారం 15 శాతం దాకా ఎక్కువ ఉంది. చదునైన బూట్లూ హవాయి చెప్పులూ ఉత్త కాళ్లకు దగ్గరగా వచ్చాయి. మన వీధి చెప్పు ఖరీదైన బూటు కన్నా మోకాలి భారం విషయంలో మెరుగని చదివి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అయితే వయసు మళ్లినవాళ్లు హవాయి చెప్పులతో తూలి పడే ప్రమాదం ఉందని ఆ పరిశోధకులే హెచ్చరించారు. బ్రెజిల్‌లో సావో పాలో పరిశోధకులు అక్కడి వృద్ధ స్త్రీలు వాడే చవకైన, పల్చటి గుడ్డ బూటును ఆరు నెలలు రోజుకు కనీసం ఆరు గంటలు వేయించి చూశారు, మోకాలి నొప్పి తగ్గిందని 2015లో ప్రకటించారు.

నా అనుభవం అంత సూటిగా లేదు. మొదటి నెల ఈ పల్చటి బూట్లతో భద్రకాళి బండ్ మీద నడక తేలిగ్గా సాగింది, మోకాలి లోపలి మంట తగ్గింది. రెండో నెలలో పాదం అడుగున, మడమ ముందు భాగంలో నొప్పి మొదలై, ఇరవై నిమిషాలు దాటి నడవలేకపోయాను. మట్టి దారి మీద ఇబ్బంది లేదు; సిమెంటు దారి మీద ప్రతి అడుగూ మడమకు తెలిసింది. నా బరువు 71 కిలోలు, పాదం చదును. నాకన్నా తేలికైనవాళ్లకు, పాదంలో ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ఈ రకం పడవచ్చు, అందుకని దీన్ని చెడ్డదని రాయను.

నాలుగో జత నేను ఇప్పటికీ వాడుతున్నది: మడమ చుట్టూ గట్టి గోడ, అడుగున బిగువైన వెడల్పు అట్ట, పాదం లోపలి వంపు కింద ఆధారం, పైన వెల్క్రో పట్టీలు ఉన్న నడక బూట్లు. చికాగో లెక్క ప్రకారమైతే వీటితో భారం పెరగాలి, అందుకే చాలా రోజులు కొనడానికి వెనకాడాను. నా మనసు మార్చింది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కేడ్ పాటర్సన్, రానా హిన్‌మన్, కిమ్ బెన్నెల్ తదితరులు చేసి 2021లో ప్రకటించిన పరీక్ష. యాభై ఏళ్లు దాటి, ఎక్స్‌రేలో మోకాలి లోపలి వైపు అరుగుదల ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న 164 మందిని చీటీ వేసినట్టు రెండు బృందాలుగా విడదీసి, ఒకరికి చదునైన వంగే బూట్లు, మరొకరికి స్థిరమైన ఆధారపు బూట్లు ఇచ్చి, ఆరు నెలలు రోజుకు కనీసం ఆరు గంటలు వేసుకోమన్నారు. నడకలో నొప్పి చెప్పుకోదగినంత తగ్గినవాళ్లు ఆధారపు బూట్ల బృందంలో 58 శాతం, చదును బూట్ల బృందంలో 40 శాతం. కొత్తగా మోకాలి నొప్పి, పాదాల నొప్పి వంటి ఇబ్బందులు వచ్చినవాళ్లు ఆధారపు బూట్ల బృందంలో 15 శాతం, చదును బూట్ల బృందంలో 32 శాతం. ఆ 32 శాతం అన్న అంకె చదివినప్పుడు నా మడమే నాకు గుర్తొచ్చింది.

ఈ రెండు ఫలితాలూ ఎదురెదురుగా ఉన్నాయని మా అమ్మాయి అంటే, కొంత సేపు నాకూ జవాబు దొరకలేదు. ప్రయోగశాలలో కొలిచేది ఒక్క బలం, అదీ కొద్ది అడుగుల నడకలో. నొప్పి అనేది కండరం అలసట, పాదం ఒరిగే తీరు, పడిపోతామేమో అన్న భయం, నడిచే దూరం అన్నీ కలిసి వచ్చేది. నేను ఆధారపు బూట్లతో నలభై నిమిషాలు ఆగకుండా నడుస్తాను. అంతసేపు నడవగలిగితే తొడ కండరం బలపడుతుంది, ఆ కండరమే మోకాలిని నిలబెడుతుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే. పైగా మెల్‌బోర్న్ పరీక్షలో తమ పాత చెప్పులతోనే కొనసాగిన మూడో బృందం లేదు కనుక, ఆ బూట్లు ఏమీ మార్చకపోవడం కన్నా ఎంత మెరుగో అది చెప్పదు. రెండింట్లో ఏది మేలో మాత్రమే చెబుతుంది. ఏ బూటూ అరిగిన మృదులాస్థిని తిరిగి తెచ్చిపెట్టదు.

నా హాజరు పట్టీ లెక్క చెబుతాను. పదికి వేసుకునే నొప్పి అంకె మొదట్లో మెట్లు దిగేటప్పుడు ఏడు ఉండేది, నాలుగో జత వేసిన మూడు నెలలకు నాలుగుకు వచ్చింది. ఇదే కాలంలో నేను నాలుగు కిలోలు తగ్గాను, అందుకని మొత్తం ఘనత బూట్లకు ఇవ్వడం న్యాయం కాదు. అమెరికాలో స్టీఫెన్ మెసియర్ బృందం 2005లో చూపించినదాని ప్రకారం బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

బూట్లతో వచ్చిన పెద్ద చిక్కు చీర. “చీర మీద బూట్లేమిటి?” అని బంధువులు మొదట చూసిన చూపు వల్ల ఒక పెళ్లికి పాత చెప్పులే వేసుకెళ్లి రెండు రోజులు మంచం పట్టాను. ఇప్పుడు వేసుకునే వెళ్తున్నాను, ఆ పెళ్లిలో చూసి నవ్విన మా ఆడపడుచే మొన్న సైజు అడిగి రాసుకుంది. రెండో చిక్కు విప్పడం. గుడికి వెళ్తే బయట విప్పాలి, ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో విప్పాలి. లేసులైతే వంగి ముడి విప్పడమే మోకాలికి శిక్ష. అందుకే వెల్క్రో తప్పనిసరి అంటున్నాను. ఒక చేత్తో గోడ పట్టుకుని రెండో చేత్తో పట్టీ లాగగలిగితే ఆ బూటు మన జీవితానికి సరిపోతుంది.

ఇంకో విషయం మన ఇళ్లకు ప్రత్యేకం. ఆ దేశాల పరీక్షల్లో రోజుకు ఆరు గంటలు బూట్లతో ఉండమన్నారు. మనం ఇంట్లో బూట్లు వేసుకోం. నా రోజులో బూట్లు కాలికి ఉండేది గంటన్నర, తక్కిన సమయమంతా గ్రానైటు నేల మీద ఉత్త కాళ్లే. చికాగో లెక్కను బట్టి ఉత్త కాళ్ల నడక మోకాలికి భారం కాదు, అది మనకు ధైర్యం ఇచ్చే మాట. మడమ నొప్పి ఉన్నవాళ్లకు గట్టి నేల పడదు కనుక, నేను వంటగదిలో నిలబడే చోటికి మాత్రం ఆ ఎం.సి.ఆర్. చెప్పులను విడిగా ఉంచుకున్నాను. వాటికి అక్కడ సరైన స్థానం దొరికింది. స్నానాల గదికి అడుగున గాట్లున్న రబ్బరు చెప్పులు వేరే ఉన్నాయి.

బూట్లలో పెట్టుకునే ఏటవాలు అట్టల గురించి ఒక్క మాట. పాదం బయటి అంచు కింద ఎత్తుగా ఉండే ఈ అట్టలు మోకాలిని లోపలికి తోసి భారం తగ్గిస్తాయని అమ్ముతారు. ప్రయోగశాలలో కొద్దిగా తగ్గించే మాట నిజమే. కానీ ఆస్ట్రేలియాలో 200 మందితో ఏడాది పాటు చేసి 2011లో ప్రకటించిన పరీక్షలో, చదునైన అట్టలు వాడినవాళ్ల కన్నా వీటిని వాడినవాళ్లకు నొప్పిలో అదనపు ఉపశమనం కనబడలేదు. నన్నూ ఒక దుకాణంలో కొనమని బలవంతపెట్టారు, కొనలేదు.

కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. చిన్న స్కేలు తీసుకెళ్లి మడమ కింద, వేళ్ల కింద మందం కొలవండి. రెండింటి తేడా ఒక సెంటీమీటరు దాటి ఎంత పెరిగితే అంత అనుమానించండి. మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. బూటును వంచితే వేళ్ల దగ్గర వంగాలి, నడుమ విరగకూడదు. దుకాణంలో పరుపు మీద కాకుండా రాతి నేల మీద పది నిమిషాలు నడవండి, మెట్లుంటే నాలుగు దిగి చూడండి, కూర్చోమని తొందరపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి.

నా నాలుగో జతకు పదకొండు నెలలు నిండాయి. పోయిన ఆదివారం తిరగేసి చూస్తే కుడి మడమ బయటి మూల మళ్లీ పల్చబడటం మొదలైంది. చౌరస్తా పెద్దాయనకు చూపిస్తే కొత్త ముక్క అతికించవచ్చు కానీ రెండు వైపులా ఎత్తు సమానంగా రాదు, మార్చేయండి అన్నారు. అదే రకం కొత్త జత తీసుకున్నాను, ఈసారి అర సైజు పెద్దది.